నేల విడవని చంద్రకళ

కెనడాలో వాటర్లూ అనే ఊరి తెలుగువాళ్ళు చంద్రకళను చూసి మొదట నవ్వారు. తర్వాత పిలిచి శాలువా కప్పారు. ఆ తర్వాత తిట్టారు. ఇన్నేళ్ళలో ఆమె ఆడే ఆట ఏమిటని అడిగి తెలుసుకున్నవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అందులో వింతేమీ లేదు. మనవాళ్ళకు ఒక సంగతి మీద గట్టి అభిప్రాయం ఉండాలంటే ఆ సంగతి తెలియకపోవడమే మంచిది.

ఆమె ఆట నడక. షుగర్ తగ్గడానికి పార్కులో చేతులూపుకుంటూ పోయే నడక కాదు, పందెపు నడక. రేస్ వాకింగ్ అంటారు. దానికి నియమాలు రెండే. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేలను తాకి ఉండాలి. ముందుకు వేసిన కాలి మోకాలు, ఒళ్ళు దాని మీదుగా దాటేవరకు వంగకూడదు. ఈ రెండూ పాటిస్తూ మామూలు మనిషి పరుగెత్తే వేగంతో పోవాలంటే నడుము అటూ ఇటూ తిరగక తప్పదు. దారి పొడవునా జడ్జీలు నిలబడి కాళ్ళే చూస్తుంటారు. తప్పు కనబడితే ఎర్ర కార్డు రాస్తారు. ముగ్గురు జడ్జీలు తలా ఒకటి రాస్తే ఆ మనిషిని పందెం నుంచి తప్పిస్తారు.

చంద్రకళది నర్సంపేట దగ్గర ఊరు. తండ్రి ఆర్టీసీలో కండక్టర్. హైస్కూల్లో ఉన్నప్పుడు పీఈటీ వీర్రాజు సారు ఆమెను ఈ ఆటలోకి తోశాడు. తోయడానికి కారణం ఆమెలో ఏదో చూశాడని కాదు. జిల్లా పోటీల్లో ప్రతి ఆటకూ ఒక మనిషిని పంపితే స్కూలుకు పాయింట్లు వస్తాయి. నడకకు ఏ ఆడపిల్లా పేరివ్వలేదు, జనం నవ్వుతారని. ఎదురు చెప్పని పిల్ల ఎవరా అని సారు క్లాసంతా చూశాడు.

"నువ్వు పోవే. ఉరకొద్దు, నడిస్తే చాలు. వేరేటోళ్ళు ఎవ్వరు రారు, మెడల్ మనదే" అన్నాడు.

నిజంగానే ఇంకో పిల్ల మాత్రమే వచ్చింది. ఆ పిల్ల సగం దూరంలో కూర్చుండిపోయింది. చంద్రకళకు మెడల్ వచ్చింది. పేపర్లో ఫొటో పడింది. అందులో సారు ముందున్నాడు, ఆమె ఆయన భుజం వెనక ఉంది. వీర్రాజు సారు ఆమెకు నేర్పడమంటే, షామియానా కింద కుర్చీలో కూర్చుని టీ తాగుతూ "ఉరకకే" అని అరవడం ఒక్కటే. ఆయనను గురువుగా చెప్పుకోమని తర్వాత చాలామంది సలహా ఇచ్చారు. ఆమె చెప్పుకోలేదు.

కానీ ఆ ఆట ఆమెను పట్టుకుంది. మొదటి అరగంట ఒళ్ళంతా గొడవ చేస్తుంది. తర్వాత గొడవ ఆగిపోయి ఊపిరీ కాళ్ళూ ఒకదాని వెంట ఒకటి పోతాయి. ఆ స్థితి కోసం ఆమె హనుమకొండలో డిగ్రీ చదివే రోజుల్లో రోజూ స్టేడియంకు వెళ్ళేది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. యూనివర్సిటీల మధ్య పోటీల్లో మూడో స్థానం తెచ్చుకుంది. దాంతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందన్నారు, రాలేదు. ఆ కోటాలో ఉద్యోగం వచ్చినవాళ్ళలో ఒకాయన చదరంగం ఆడేవాడట. ఎవరితో ఆడాడో ఎవరికీ తెలియదు.

అలా ఆమె కూడా అందరి వెంట కెనడా దారి పట్టింది. రెండు వేల పదిహేడు ఆఖరున వాటర్లూ పక్కనే ఒక కాలేజీలో చేరింది. కోర్సు పేరు గ్లోబల్ బిజినెస్ మేనేజ్‌మెంట్. క్లాసులో ముప్పావు మంది మనదేశం పిల్లలే. మేనేజ్ చేయడానికి వాళ్ళకున్నదల్లా వేర్‌హౌస్ షిఫ్టులు. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలు ఉండేవాళ్ళు. కిటికీ నేలకు సమంగా ఉండేది. అందులోంచి దారిన పోయేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపించేవి.

వేర్‌హౌస్ ఊరి చివర ఉంది. బస్సు సగం దూరంలో దించేసేది. మిగతా అమ్మాయిలు ఊబర్ కలిపి మాట్లాడుకునేవాళ్ళు. చంద్రకళ నడిచేది. ఊరికే నడవదు కదా. నడుము తిప్పుతూ, మోచేతులు మడిచి, రెండు జడలు వీపు మీద కొట్టుకుంటూ పోయేది.

కరీంనగర్ నుంచి వచ్చిన భవిత అనే రూమ్మేట్ ఒకరోజు ఆ నడకను వెనక నుంచి వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టింది. "మా రూమ్మేట్‌కి బాత్‌రూమ్ అర్జెంట్" అని రాసింది. సాయంత్రానికి అది వాటర్లూ దాటింది. మర్నాటికి కాల్గరీలో తెలుగు పిల్లల గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. దానికి డప్పు పాట కలిపినవాడొకడు, పక్కన బాతును పెట్టినవాడొకడు. లక్షల రూపాయల అప్పుతో సముద్రాలు దాటి వచ్చి, బాక్సులకు స్టిక్కర్లు అంటిస్తూ, ఒక ఆడపిల్ల నడుమును చూసి నవ్వుకోవడం వాళ్ళకు పెద్ద విశ్రాంతి.

చంద్రకళ ఆ వీడియోను చూసింది. భవిత భయపడింది.

"సారీ అక్కా. ఫన్ కోసం పెట్టిన. డిలీట్ చేస్త."

"డిలీట్ ఎందుకు? ఎన్క నుంచి తీస్తె మోకాలు కనబడ్తలేదు. ఇంకోసారి తీస్తె పక్క నుంచి తియ్యి. కాళ్ళ దగ్గర పెట్టి తియ్యి."

"కోపం వస్తలేదా?"

"వస్తుంది. కోపమొస్తె మాత్రం మోకాలు సక్కగైతదా?"

భవితకు ఆ మాట అర్థం కాకపోయినా సిగ్గు మాత్రం వేసింది. మరుసటి ఆదివారం కాలిబాట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పక్క నుంచి తీసింది. అప్పటి నుంచి వారం వారం తీసేది. వాటిని ఎక్కడా పెట్టలేదు.

ఆ కాలిబాట మీదే హెలెన్ కనబడింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, రిటైరయిన స్కూలు టీచరు. వయసులో నడక పందేల్లో నడిచింది, తర్వాత చాలా ఏళ్ళు జడ్జిగా చేసింది. కుక్కను తిప్పుతూ ఎదురొచ్చి, చెయ్యి అడ్డం పెట్టి చంద్రకళను ఆపింది. పలకరింపు లేదు, పేరు అడగలేదు. నీ ఎడమ మోకాలు వంగుతోంది, ఎవరూ చెప్పలేదా అంది. చంద్రకళకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ దేశం వచ్చాక ఆమె నడుము గురించి కాకుండా మోకాలి గురించి మాట్లాడిన మొదటి పరాయి మనిషి హెలెనే.

హెలెన్ మాటల్లో తీపి ఉండేది కాదు. మడమ పడే తీరు బాగాలేకపోతే బాగాలేదనేది. యాభై కిలోమీటర్ల నడకను ఆడవాళ్ళకు ఈమధ్యే తెరిచారని కూడా ఆవిడే చెప్పింది. అంతకుముందు ఎన్నో దశాబ్దాలు అది మగవాళ్ళ పందెమే. ఆడవాళ్ళు అంత దూరం తట్టుకోలేరని పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని తేల్చారట. "ఆ పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా ఎలివేటర్ లేని భవనంలో మీటింగు పెట్టుకునే రకం కాదు" అంది హెలెన్.

ఇరవై కిలోమీటర్లలో చంద్రకళ వేగం చాలదు. యాభైకి కావలసింది వేగం కన్నా ఓపిక. అది ఆమె దగ్గర కావలసినంత ఉంది. ఏడాది పాటు షిఫ్టుకు ముందో తర్వాతో నడిచింది. మంచు గట్టిపడిన రోజుల్లో కాలేజీ లోపలి ట్రాక్ మీద, మిగతా రోజుల్లో బయట. అసైన్‌మెంట్లు మిగతా పిల్లలు ఎలా రాసేవాళ్ళో ఆమె కూడా అలాగే రాసింది. ఆ విషయంలో ఆమెను ప్రత్యేకంగా పొగడటానికేమీ లేదు.

రెండు వేల పద్దెనిమిది శరదృతువులో మొదటి పందెం జరిగింది. టొరంటోకు దగ్గర్లో సరస్సు పక్కన ఒక పార్కు. రెండు కిలోమీటర్ల చుట్టు. దాన్నే మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఆడవాళ్ళు నలుగురే వచ్చారు. చంద్రకళ సగం దూరం వరకు రెండో స్థానంలో ఉంది. అలసట మొదలయ్యాక ఎడమ మోకాలు పాత బుద్ధి చూపించింది. ఒక కార్డు, తర్వాత ఇంకొకటి. బోర్డు మీద తన నంబరు పక్కన రెండు ఎర్ర గుర్తులు చూస్తూనే మరో గంట నడిచింది. చివరి రెండు చుట్లు ఉన్నాయనగా చీఫ్ జడ్జి ఎదురొచ్చి ఎర్ర పలక చూపించాడు. ఆమె ఆగిపోయి, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగి, గడ్డి మీద నిలబడింది. అప్పుడు కూడా మోకాళ్ళు బిగబట్టే ఉంది.

కారులో వెనక్కి వస్తూ హెలెన్ ఓదార్చలేదు. "అక్కడ నేను జడ్జిగా ఉంటే పది కిలోమీటర్లు ముందే రాసేదాన్ని" అంది. చంద్రకళకు అదే ఓదార్పుగా అనిపించింది.

ఈ వార్త తెలుగు సంఘానికి కూడా చేరింది. సంఘం అధ్యక్షుడు రామ్మోహన్ గారు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, విజయవాడ మనిషి. అమెరికాలో వీసాతో విసిగి ఇటు వచ్చి, ఇక్కడివాళ్ళకు అమెరికా గొప్పలు, అక్కడివాళ్ళకు కెనడా గొప్పలు చెబుతుండేవాడు. తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో గారె నములుతూ, "పరీక్షలో ఫెయిలైనవాళ్ళని చూశాం, పెళ్ళిలో ఫెయిలైనవాళ్ళని చూశాం. నడవడంలో ఫెయిలైన మనిషిని ఇప్పుడే చూస్తున్నామండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన అప్పటికి కారు ఎక్కడ పార్క్ చేస్తే గుమ్మానికి ఇంకా దగ్గరవుతుందా అని రెండుసార్లు జరిపి వచ్చాడు.

మరుసటి వసంతంలో అదే పార్కులో రెండో పందెం. ఆ రోజు చలివాన. ముగ్గురు ఆడవాళ్ళు బయలుదేరారు. ఒకామె చేతులు కొయ్యబారి మధ్యలో మానుకుంది. భవిత ఫ్లాస్కులో ఉప్పు వేసిన గంజి కాచి తెచ్చి, చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా గ్లాసు అందించింది. ముప్పై దాటాక చంద్రకళ మేజోడు తడిసి మడమ చర్మం లేచింది. కుంటితే మోకాలు వంగుతుంది, మోకాలు వంగితే కార్డు వస్తుంది. అందుకని కుంటలేదు. నొప్పి మీదే మడమ వేసి నడిచింది. గీత దాటాక కూర్చోమని కుర్చీ వేశారు గానీ కాళ్ళు వంగక చాలాసేపు కంచె పట్టుకుని నిలబడింది.

"ఎట్లుంది అక్కా?" అంది భవిత.

"ఒక్కటే కార్డు" అంది చంద్రకళ. స్థానం గురించి అడగలేదు. రెండోది వచ్చింది. పూర్తి చేసింది ఇద్దరే కాబట్టి ఆఖరిది కూడా అదే.

స్థానిక పత్రిక ఫొటోతో చిన్న వార్త వేసింది. వెండి పతకం అని రాసింది. ఇంగ్లిష్ పేపర్లో తెలుగు పేరు పడితే మన సంఘాలకు వెంటనే జ్ఞానోదయం అవుతుంది. దీపావళి కార్యక్రమానికి రావాలని రామ్మోహన్ గారు స్వయంగా ఫోన్ చేశాడు. ఆమె రానంది. భవిత బలవంతం మీద ఒప్పుకుంది. భవిత అదే కార్యక్రమంలో డాన్స్ చేస్తోంది.

హైస్కూలు ఆడిటోరియం నిండింది. చంద్రకళ పట్టుచీర కట్టుకుని, మడమ ఇంకా మానలేదు గనక కింద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని వచ్చింది. రామ్మోహన్ గారు మైకు పట్టుకున్నాడు.

"మన తెలుగు తేజం, పరుగుల రాణి, చంద్రకళ."

"నడక అండి" అంది ఆమె.

"అదే, అదే" అని ఆయన శాలువా కప్పాడు. ఫొటోలు తీశారు. ఫొటోల్లో ఆయనే మధ్యలో ఉన్నాడు. అంతటితో వదిలేస్తే బాగుండేది. తర్వాతి డాన్స్ పిల్లలకు నగలు ఇంకా పెడుతున్నారని పక్క నుంచి ఎవరో సైగ చేశారు. ఖాళీ సమయాన్ని ఎలాగో నింపాలి.

"అమ్మా, ఒక్కసారి ఆ నడక స్టేజీ మీద అటునుంచి ఇటు నడిచి చూపించు. అందరూ సరదాగా చూస్తారు."

ముందు వరసలో అప్పుడే నవ్వు మొదలైంది. ఎవరో ఫోన్లు పైకెత్తారు.

"ఈడ జాగ సరిపోదు అంకుల్" అంది చంద్రకళ.

"పర్లేదమ్మా, ఉన్నంతలో."

ఆమె ఒక్క క్షణం స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపింది. నడక మొదలుపెట్టింది. స్టేజీ దాటి, పక్క మెట్లు దిగి, కుర్చీల మధ్య దారిలోంచి, తలుపు తోసుకుని బయటికి పోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఇది కూడా ప్రోగ్రాంలో భాగమే అనుకున్నారు.

"చుట్టూ ఒక రౌండ్ వేసి వస్తుంది" అన్నాడు రామ్మోహన్ గారు మైకులో.

అందరూ తలుపు వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన వాటర్లూ తెలుగువాళ్ళ ఐకమత్యం గురించి మాట్లాడాడు. తర్వాత అమ్మ భాష గురించి మాట్లాడాడు. డాన్స్ పిల్లలు నగలతో వచ్చి నిలబడ్డారు. చంద్రకళ అప్పటికి ఊరి మధ్య దారి దాటి ఇంటి దిక్కుగా పోతోంది. ఆమె చలికోటు కుర్చీ మీదే ఉందని భవితే మొదట చూసింది. డాన్స్ మానేసి, కోటు తీసుకుని బస్సెక్కింది. ఆ సంఘంలో ఆ రోజు ఆ అమ్మాయి చేసినంత పని ఇంకెవరూ చేయలేదు.

తర్వాత కరోనా వచ్చింది. పందేలు ఆగాయి. అవి తిరిగి మొదలయ్యేసరికి యాభై కిలోమీటర్ల నడకను పెద్ద పోటీల నుంచి తీసేసి, దాని స్థానంలో ముప్పై అయిదు పెట్టారు. టీవీలో అంతసేపు చూసేవాళ్ళు లేరన్నారు. ఆడవాళ్ళకు తెరిచిన తలుపును నాలుగేళ్ళు తిరక్కుండానే గోడతో సహా తీసేశారు. చలివాన పందెం తర్వాత కరోనాలోపు ఇంకో రెండు కలిపి, చంద్రకళ మొత్తం మూడుసార్లు ఆ దూరం పూర్తి చేసింది. ఇకమీదట చెప్పుకుందామన్నా ఆ పందెం లేదు. ఆ సంగతి విన్న రోజు హెలెన్ ఇంటికి వెళ్ళి, వంటగదిలో కూర్చుంది. హెలెన్ టీ పెట్టి ఇచ్చింది. "జడ్జి పరీక్ష రాయి. నీకు చూపు ఉంది" అంది.

రాసింది. ఒక ట్రక్కుల కంపెనీలో డిస్పాచ్ ఉద్యోగం దొరికింది, శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. ఎండాకాలం శనివారాల్లో, కార్డుకు ముందు హెచ్చరికగా చూపించే పసుపు పలకలు పట్టుకుని ట్రాక్ పక్కన నిలబడేది. మడమ నొప్పి పూర్తిగా పోలేదు.

రెండు వేల ఇరవై మూడులో రామ్మోహన్ గారి ఫోన్ వచ్చింది. ఈసారి ఆమె పేరు చివర గారు తగిలింది.

"చంద్రకళ గారూ, మా ఇషిత గ్రేడ్ ఎలెవెన్. యూనివర్సిటీ అప్లికేషన్‌కి స్పోర్ట్ ఉండాలి. స్విమ్మింగ్‌లో పెట్టాం, టెన్నిస్‌లో పెట్టాం, అక్కడ కాంపిటీషన్ మామూలుగా లేదు. మీ వాకింగ్‌లో చూశాను, ప్రావిన్స్ మొత్తానికి అయిదుగురే ఎంట్రీలు."

"అవునండి."

"అయిదుగురిలో ముగ్గురికి మెడల్. మీరు కొంచెం నేర్పితే..."

"నేను జడ్జిని అంకుల్. నేర్పొద్దు. హెలెన్ దగ్గరికి పంపండి."

వీర్రాజు సారుకు పాయింట్లు, రామ్మోహన్ గారికి అప్లికేషన్. ఎవరూ రాని ఆటలో మెడల్ చవగ్గా దొరుకుతుందనే తెలివి దేశాలు దాటినా మారలేదు. వాట్సాప్‌లో ఆయన ఈ రహస్యం బయటపెట్టకుండా చాలా జాగ్రత్తపడ్డాడు.

ఇషిత హెలెన్ దగ్గరికి మూడు వారాలు వెళ్ళింది. నాలుగో వారం మ్యాథ్ ట్యూషన్ అడ్డొచ్చింది. మిగతాది యూట్యూబ్‌లో చూసుకోమన్నాడు తండ్రి. జూన్‌లో పోటీ. ఇషిత మొదట బాగానే నడిచింది. చివర్లో మూడో స్థానంలో ఉన్న అమ్మాయిని దాటాలని వేగం పెంచింది, రెండు పాదాలూ నేల విడిచాయి. చంద్రకళ వంపు దగ్గర నిలబడి చూసింది. పసుపు పలక ముందే చూపించి ఉంది. ఈసారి కార్డు రాసింది. ట్రాక్ అవతలి వైపున్న ఇద్దరు జడ్జీలు కూడా రాశారు. జడ్జీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మాట్లాడుకోకూడదు. ఇషిత గీత దగ్గరికి వస్తుండగా ఎర్ర పలక ఎదురైంది.

పోటీ అయ్యాక రామ్మోహన్ గారు కంచె దగ్గరికి వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది.

"ఏమ్మా, మన పిల్ల అని కూడా చూడవా?"

"చూసే రాసిన అంకుల్. మిగతా ఇద్దరు కూడా రాసిన్రు."

"వాళ్ళకేం తెలుసు? నువ్వు రాశావనే రాసుంటారు. దీపావళి నాటి కక్ష మనసులో పెట్టుకున్నావు."

ఇషిత వెనక నుంచి వచ్చింది. ఇంకా రొప్పుతోంది.

"డాడ్, స్టాప్. ఐ వాజ్ లిఫ్టింగ్. ఐ కుడ్ ఫీల్ ఇట్."

"నువ్వూరుకో, నీకు తెలీదు."

"ఇట్స్ మై ఫీట్, డాడ్."

ఆయన కూతురి పాదాల వంక చూడలేదు. సాయంత్రానికి సంఘం గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాడు. తెలుగువాడికి తెలుగువాడే శత్రువని, స్టూడెంట్లుగా వచ్చినవాళ్ళకు కాస్త స్థానం దొరికితే కళ్ళు నెత్తికెక్కుతాయని రాశాడు. దాని కింద దండాలు, బొటనవేళ్ళు వరస కట్టాయి. ఒకప్పుడు ఆమె వీడియోకు బాతును కలిపినవాడు, ఇప్పుడు కనాటా అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నవాడు, "వెల్ సెడ్ సార్" అని రాశాడు. భవిత ఒక్కతే గ్రూపులోంచి బయటికొచ్చింది.

రెండు వారాలయ్యాక, ఆదివారం పొద్దున ఇషిత ఒంటరిగా లైట్ రైలెక్కి హెలెన్ దగ్గరికి వచ్చింది. తండ్రికి చెప్పలేదట. మెడల్ రాని ఆట గనక ఆయనా అడగలేదు. ఆ సెప్టెంబరులో ఒక క్లబ్బు పోటీలో అందరికన్నా ఆఖరున వచ్చింది, ఒక్క కార్డు కూడా పడకుండా. వచ్చి చంద్రకళతో ఏదో చెప్పబోయి, తెలుగులో మాట దొరక్క, ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. తర్వాతి ఏడాది వేరే ఊళ్ళో యూనివర్సిటీలో చేరింది. అక్కడ నడక క్లబ్బు లేకపోతే పరుగు క్లబ్బులో చేరి, ట్రాక్ చివరి వరసలో తను మాత్రం నడుస్తోందట.

అదే ఏడాది చంద్రకళ ముప్పై అయిదు కిలోమీటర్ల పందెంలో దిగింది. పేరిచ్చింది నలుగురు. భవిత గంజి తెచ్చింది, హెలెన్ మడత కుర్చీలో కూర్చుని ప్రతి చుట్టుకూ మోకాళ్ళనే తిట్టింది. చంద్రకళ మూడోదిగా వచ్చింది. సంఘం నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళకు ఆ రోజే వార్షిక వాకథాన్ ఉంది, ఒక కిలోమీటరు నడిచాక బిర్యానీ. మర్నాడు సోమవారం. మడమకు ఐసు కట్టు కట్టుకుని, ఆమె ఆఫీసుకు కారులో వెళ్ళింది.